చెంబెడు నీళ్ళకు చచ్చిన ఓబుళప్ప

అక్కడ రాజధానిలో అన్నగారు ఉప్పుబొమ్మై నిలబడి ఉండగా, ఇక్కడ ఎండనాట్లో తమ్ముడుగారు ఉప్పు బేరగాడై, గాడిద తోక పట్టుకుని చెమటలు కక్కుకుంటూ నడిచి వస్తున్నాడు. ఆ చెమట కూడా ఉప్పగానే ఉంది. అన్నదమ్ములిద్దరి నొసటా బ్రహ్మదేవుడు సిరా అయిపోయి ఉప్పునీళ్ళతో రాసినట్టున్నాడు!

అన్నగారంటే అల్లాటప్పా అన్నగారు కారు, అయిదునాళ్ళ రాజ్యానికి ప్రభువు మౌక్తికవర్మ. అయిదునాళ్ళ రాజ్యమనగానే అయిదు రోజుల్లో కూలిపోయే రాజ్యం కాబోలని కంగారుపడకండి. ఉప్పునాడు, నీటినాడు, నల్లనాడు, కొండనాడు, ఎండనాడు, ఈ అయిదూ కలిసి అయిదునాళ్ళు. ఒకనాడంటే ఒకనాడికి ఏనాడూ పడదు. అయినా ఒకనాడు లేనిదే ఒకనాడికి ఒకనాడు కూడా గడవదు. అలా కీచులాడుకుంటూనే తరతరాలుగా కలిసి ఉన్నాయి, మంచి కాపురంలాగా.

అటువంటి రాజ్యంలో నిండు కొలువులోకి క్షారదంతుడనే మాంత్రికుడు వచ్చాడు. నోరు తెరిస్తే పళ్ళకు బదులు ఉప్పుగళ్ళు తళతళలాడే ఘనుడు. "రాజ్యంలో పండిన ఉప్పంతా నాకే చెల్లాలి" అన్నాడు. "అందరి కూరలూ చప్పగా చేసి నీ ఒక్కడి నోరు ఉప్పగా చేయను" అన్నాడు రాజు. అంతే! మాంత్రికుడు వంగి, రాజుగారి పాదాల దగ్గర పరుచుకుని ఉన్న నీడను చాప చుట్టినట్టు చుట్టి, చంకన పెట్టుకుని మాయమయ్యాడు. నీడ పోయిన రాజు నిలుచున్నవాడు నిలుచున్నట్టే ఉప్పైపోయాడు. ముత్యమని తల్లి మురిసి పేరు పెట్టుకుంటే, ముత్యం కాస్తా ఉప్పుగల్లయింది.

విగ్రహాన్ని కదిపితే పగుళ్ళిస్తోంది. అందుకని ఉన్నచోటే చుట్టూ తాటాకు పందిరి వేశారు. పందిరి వేసినవాళ్ళు గుమ్మానికి తడిక పెట్టడం మరిచారు గనుక పట్టపుటావు తిన్నగా లోపలికి నడిచి, రాజుగారి ఎడమ చెవి తమ్మెను ఎంతో భక్తిగా నాకేసింది. అప్పటినుంచీ ఆవుకు కాపలా, రాజుకు కాపలా. కానీ తొలకరికి ఎవరు కాపలా కాయగలరు? తడిగాలి తగిలితే చాలు, పందిరి కిందనే రాజు చెమర్చి, కారి, కాలువకట్టి పోతాడు. "తొలకరి లోపల నీడ తెచ్చి పాదాలకు తగిలిస్తే రాజుగారు, లేకపోతే చారుగారు!" అని ఆస్థాన జ్యోతిష్కుడు తేల్చేశాడు. ఆ మాట విని కత్తి దూసి బయలుదేరినవాడే తమ్ముడు ప్రవాళుడు.

కత్తి ఇప్పుడు ఉప్పు బస్తాలో ఉంది. అయిదు నాళ్ళలో ఎక్కడికి వెళ్ళినా ఎవరూ అడ్డగించని మనిషి ఉప్పు బేరగాడొక్కడే. అందుకని ఉప్పునాట్లో గాడిదను సంపాదించి, దానికి సామంతుడని పేరు పెట్టి, ప్రవాళుడు నాడు నాడూ దాటుకుంటూ వచ్చాడు. నాడు మారినప్పుడల్లా పలకరింపు మారుతుంది. ఉప్పునాట్లో ఎదురైనవాడు "గాలెలా ఉంది?" అంటాడు, గాలి పొడిగా ఉంటేనే మడుల్లో ఉప్పు గట్టిపడేది. నల్లనాట్లో "విచ్చిందా?" అంటారు, అది పత్తికాయ సంగతి. కొండనాట్లో "ఎదురైందా?" అంటారు. ఏది అని తిరిగి అడిగినవాడి వెనకాలే అది నిలబడి ఉంటుంది. ప్రవాళుడి వెనకాల అలాగే ఒక ఎలుగుబంటి నిలబడింది. చెట్టనుకుని అతడు ఎగబాకింది తేనెపట్లు వేలాడే కొండచరియ. అక్కడ తాడుమీద వేలాడుతూ తేనె తీస్తున్న ఇప్ప అనే పిల్ల, ఎలుగును పొగబెట్టి తరిమి, ఇతణ్ణి కిందికి దింపింది. తన పట్టు పాడుచేసినవాణ్ణి పట్టు విడవకుండా వెంటబడి, కథంతా చెప్పించుకుని, "ఒక్కడివీ ఎల్తే ఆ సామంతుడైనా తిరిగొస్తాడు గానీ నువ్వు రావు" అని తానూ బయలుదేరింది. ఊళ్ళవాళ్ళకు ఇద్దరూ అన్నాచెల్లెళ్ళు.

ఇక ఎండనాడంటారా! సూర్యభగవానుడు మిగతా నాలుగు నాళ్ళకూ చుట్టపుచూపుగా వచ్చి పోతాడు గానీ ఇక్కడికి మాత్రం ఇల్లరికం వచ్చాడు. దిగంతం దాకా రాగిరేకు పరిచినట్టు ఎర్రటి నేల. ఆ నేలమీద ఏనుగుల మంద విడిది చేసి, లేవడం మరిచిపోయినట్టు బూడిదరంగు గుండ్లు. గుండ్ల సందుల్లో తుమ్మలు, తుమ్మల కింద మేకలు, మేకల నీడలో కాపరులు. పడమటి చివర ఆకాశాన్ని అడ్డంగా కోసినట్టు ఒక కొండ, ఆ కొండకు నోరు తెరిచినట్టు ఒక ఇరుకు సందు. దాని పేరు గొంతుకోన. ఆ గొంతులో మింగుడుపడని ముద్దలా ఏనుగెత్తు రాతి తలుపు. ఆ తలుపు అవతలే క్షారదంతుడి గుహ, గుహలో రాజుగారి నీడ.

తలుపు ఇవతల ఒక గొర్రెలకాపరుల ఊరు. ఊరి మొదటి ఇంటి గడప మీద కూర్చుని, చేత్తో కదురు తిప్పుతూ ఉన్ని వడుకుతున్న బుర్రమీసాల పెద్దమనిషి ఓబుళప్ప, ఆ ఊరికి పెద్ద. మొలతాడుకు చేయంత తాళంచెవి వేలాడుతోంది.

"ఏమప్పా ఉప్పాయనా, తాగితివా?" అన్నాడు ఓబుళప్ప. ఎండనాటి పలకరింపు అదే. తాగేది నీళ్ళే.

"లేదండీ" అన్నాడు ప్రవాళుడు. ఇప్ప చటుక్కున అతడి మోచేయి గిల్లింది. 'అండీ' అనేది నీటినాటి మాట, రాజధాని ఉన్నదీ ప్రవాళుడు పెరిగిందీ అక్కడే. ఉప్పునాట్లో దేవుణ్ణి కూడా అండీ అనరు.

"మా అన్నకు ఎండ తగిలింది పెద్దయ్యా" అని సర్దేసి, ఇప్ప చేటలో ఉప్పు పోసి గడప మీద పెట్టింది. ఉప్పు చేతి నుంచి చేతికిస్తే తగువొస్తుందని అయిదు నాళ్ళూ తగువు లేకుండా ఒప్పుకున్న సంగతి ఇదొక్కటే.

లోపలినుంచి ఓబుళప్ప భార్య తిమ్మక్క వచ్చి చేట అందుకుని, ఉప్పును వేలితో రుచి చూసి, "ఉప్పే" అని తీర్పు చెప్పింది. బేరం కుదిరింది. ఉప్పుకు ఉన్ని.

"ఆ తలుపు అవతల కూడా ఊరుందాండి... ఉందా?" అన్నాడు ప్రవాళుడు, అండీని సగంలో మింగి.

కదురు ఆగిపోయింది. "దాని మాట ఎత్తొద్దప్పా. మూడేండ్లాయ, చుక్క వాన పడి. గొర్రెలు నాలికలు ఎల్లబెట్టి పడిపోతాంటే, ఆ ఉప్పుపండ్లోడు వచ్చినాడు. కట్టెతో బండను పొడిస్తే ఊట పడె. అదిగో, ఆ ఊటతోనే ఊరు బతికుండాది. దానికి బదులు నా నోట ఒక మాట తీసుకునె. 'నా ఒంట్లో ఊపిరుండేంతవరకు ఈ తలుపు తియ్యను, ఎవురినీ తియ్యనియ్యను, అడిగింది ఎవురైనా సరే' అని. మాట తప్పితినా, ఊట ఎండిపోతాది."

"మరి ఆ మాంత్రికుడు ఎలా వస్తాడు, పోతాడు?"

"గద్దయి ఎగిరిపోతాడు. వానికి తలుపుతో పనేముండాది? నాకే పని. మూడేండ్లుగా మంద ఎనక పోలేదు. కొత్తగా పుట్టిన పిల్లలకు నా వాసనే తెలీదు. గొర్రెలకాపరిని పట్టుకొని తలుపుకాపరిని చేసె" అని ఓబుళప్ప మీసం కొరుక్కున్నాడు. మళ్ళీ అంతలోనే, "పోనీలే, నోట్లోంచి వచ్చిన మాట కడుపులోకి పోతాదా? నువ్వు తాగు ముందు" అని ఇత్తడి చెంబు అందించాడు.

ప్రవాళుడు చెంబు అందుకున్నాడు. కత్తితో గెలవగల రాక్షసుడు ఉంటాడనుకుంటే, కదురు తిప్పే మంచివాడు అడ్డంగా కూర్చుని ఉన్నాడు. ఇతణ్ణి నరకలేడు. మాట తప్పమంటే ఊరు ఎండిపోతుంది. తప్పొద్దంటే అన్న కరిగిపోతాడు. ఇలా ఆలోచిస్తూ చేతిలో ఉన్నదేమిటో, తానున్నదెక్కడో మరిచిపోయాడు. చెయ్యి మాత్రం మరవలేదు. అది నీటినాటి చెయ్యి.

నీటినాట్లో ఇంటికొచ్చినవాడికి చెంబు అందిస్తే ఏం చేస్తాడు? ఒక పుక్కిలి పట్టి ఘళఘళలాడించి వాకిట్లోకి వదులుతాడు. మిగతాది కాళ్ళమీద కుమ్మరించుకుంటాడు. "ఇంకో చెంబండీ!" అంటాడు. మొదటి చెంబు మర్యాదకి, రెండోది దాహానికి. వీధికి మూడు కాలువలు పారే నాట్లో ఇది చిన్నపిల్లలకు కూడా నేర్పనక్కర్లేని నాగరికత.

ప్రవాళుడు సరిగ్గా అదే చేశాడు. ఓబుళప్ప ఇంటి గడప ముందు, ఓబుళప్ప కళ్ళముందు, చెంబెడు నీళ్ళూ నేలమీద పడి 'చుయ్' మన్నాయి.

"ఇంకో చెంబిప్పిస్తారాండీ?" అన్నాడు ఎంతో మర్యాదగా.

నెమరు వేస్తున్న మేక నెమరు ఆపింది. తిమ్మక్క తడినేలను చూసింది, మొగుణ్ణి చూసింది, మళ్ళీ తడినేలను చూసింది. చేతిలోని చేట జారవిడిచి గుండెలు బాదుకుంది.

"అయ్యో నా మొగుడో! ఉన్నట్టుండి పోతివా నా మొగుడో!"

ఓబుళప్ప వెనక్కి తిరిగి చూశాడు. "యాడికి పోతినే? ఈడనే కూచోనుండా గదా!"

ఎండనాట్లో చుక్క నీరు ఉత్తినే నేలమీద పడదు. మనిషి తాగగా మిగిలింది మేకకు, మేక వదిలింది సొరపాదుకు. గడప ముందు నేలకు నీళ్ళు వదిలేది ఒకే ఒక్క సందర్భంలో. ఇంటిపెద్ద కన్ను మూస్తే, కొడుకు చెంబెడు నీళ్ళు అక్కడ ఒలకబోసి, 'నీ దాహం తీరిపోయింది నాయనా' అంటాడు. అది ఒలికిందంటే పెద్ద పోయినట్టే. ఆశలు వదులుకోవడాన్ని నీళ్ళు వదలడమని మనం మాటవరసకు అంటాం గానీ, పాపం ప్రవాళుడు ఆశలతోపాటు చెంబూ వదిలేసి, నిండుప్రాణంతో ఉన్న మనిషిని నిలువునా పరలోకానికి పంపేశాడు.

ఊరంతా విరగబడింది. డప్పులు మోగాయి. ఆడవాళ్ళు వరసగా కూర్చుని రాగం ఎత్తారు. నలుగురు పడుచువాళ్ళు వచ్చి ఓబుళప్పను వాకిట్లో వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం దాకా గొంగడి కప్పారు.

"లేయ్! నేను బతికుండానురా! సూడండ్రా, ఊపిరి ఇడుస్తాండా!" అని ఓబుళప్ప కాళ్ళు తన్నుకున్నాడు.

"పెద్దాయన పోయినా ఆ గొంతు ఇంకా చెవుల్లోనే ఉండాది" అని ఒక పడుచువాడు కళ్ళు తుడుచుకున్నాడు.

ఊళ్ళో అందరికన్నా పెద్దది నాగవ్వ. ఆచారమేదైనా ఆమె నోటినుంచి రావాల్సిందే. కర్ర పోటు వేసుకుంటూ వచ్చి తడినేలను అరచేత్తో తాకి చూసింది. "నీళ్ళు నీళ్ళే. పోసినోడు తెలిసి పోసెనా తెలీక పోసెనా అని నేల అడగదు. ఓబుళప్ప పోయినట్టే."

"అవ్వా! నీ యవ్వారం తగలెయ్య! ఈ ఉప్పోడు పొరపాటున..."

"సచ్చినోని మాట ఇనకూడదు" అని నాగవ్వ చెవులు మూసుకుని, "ఇట్లాంటి పొరపాటు మా తాత నాడు ఒకసారి జరిగె. దానికీ ఒక దోవ ఉండాది. వాన పడి, ఆ చినుకు నెత్తిన తగిలితే మళ్ళీ పుట్టినట్టు లెక్క. అంతవరకూ శవమే" అంది.

"వాన పడి మూడేండ్లాయ గదే!"

"అయితే పడుకో."

ఓబుళప్ప చూపు ప్రవాళుడి కాళ్ళమీద పడింది. ఇంకా తడిగా మెరుస్తున్నాయి. "తాగే నీళ్ళతో కాళ్ళు కడిగినావు. నువ్వు ఉప్పునాటోనివి కాదు. నీటినాటోనివి! నిజం చెప్పు, ఎవురు నువ్వు?"

కొడవళ్ళు పైకి లేచాయి. ఇక దాచి లాభం లేదని ప్రవాళుడు కుండబద్దలు కొట్టినట్టు అంతా చెప్పేశాడు. నీడ పోయిన అన్న, ఉప్పైన ఒళ్ళు, ఆవు నాకిన చెవి, ముంచుకొస్తున్న తొలకరి.

"అంటే, వాన రాకూడదని మొక్కుకుంటా మా నాట్లో తిరుగుతాండావా?" తిమ్మక్క ఏడుపు మధ్యలో ఆపి అడిగింది. ఊరు ఊరంతా ఒక్కడుగు ముందుకేసింది.

ప్రవాళుడు నీళ్ళు నమిలాడు, నమలడానికి నోట్లో చుక్క లేకపోయినా. "రావాలండీ! మీకు కుండపోతగా రావాలండీ! కానీ... కాస్త ఆగి రావాలండీ. నాకున్నది ఒక్కడే అన్నండీ."

కొడవళ్ళు దిగలేదు గానీ, చేతులు కాస్త వదులయ్యాయి. అప్పుడు శవం పకపకా నవ్వింది.

"తిమ్మక్కా! ఎట్లా నా మాట ఎవురూ ఇనరు గదా, ఊరికే గాలికి చెప్పుకుంటాండా. ఒంట్లో ఊపిరుండేంతవరకు అని గదా నేను మాటిచ్చింది?"

తిమ్మక్క శవం వంక చూడకుండా, ఆకాశంతో అన్నట్టుగా అంది: "మా ఆయనకు ఊపిరి పోయె గదా. ఇంక మాట యాడుండాది? మాట తప్పలేదు, మడిసే తప్పిపోయె. ఊట ఎందుకు ఎండుతాది?"

"నీళ్ళు పోసినోడే కొడుకు. పెద్దాయన కట్టె, తాళంచెవి కొడుకువే" అని నాగవ్వ చివరి ముడి వేసింది. శవం తానే సాయంగా పక్కకు ఒత్తిగిలి, మొలతాడు విప్పుకోవడానికి వీలుగా చేతులు పైకెత్తింది.

కట్టె, తాళంచెవి ప్రవాళుడి చేతిలో పడ్డ క్షణానే ఇప్ప పడమటికి వేలు చూపింది. "దొరబాబూ, అదేటి?"

కొండ నెత్తిన మేకపిల్లంత నల్లమబ్బు.

ఊరంతా 'హో' అని కేక పెట్టింది. ప్రవాళుడు ఒక్కడే గతుక్కుమన్నాడు. ఆ మబ్బు చినుకై ఓబుళప్ప నెత్తిన పడితే ఓబుళప్ప బతుకుతాడు, మాట బతుకుతుంది, తలుపు మూతబడుతుంది. అక్కణ్ణుంచి అదే మబ్బు తూర్పుకు తేలిపోయి రాజధాని చేరితే, అన్న చారైపోతాడు.

"ఉరుకు కొడుకా!" అని అరిచింది శవం.

తాళంచెవి తిరిగింది. ఏనుగెత్తు తలుపు తాతలనాటి ముక్కుపొడుం పీల్చి తుమ్మినట్టు ఒక మోత మోగించి తెరుచుకుంది. ప్రవాళుడు, ఇప్ప లోపలికి దూకారు. ఎవరూ పిలవకపోయినా సామంతుడూ దూకింది. లోపల్నుంచి ఉప్పు వాసన వస్తోంది మరి.

ఆ గుహను ఏమని వర్ణించేది! గోడలన్నీ ఉప్పు, నేలంతా ఉప్పు, పైనుంచి గజదంతాల్లా దిగిన ఊడలన్నీ ఉప్పు. పైకప్పు చీలికలోంచి వచ్చిన ఒక్క వెలుగుకిరణం వాటిమీద విరిగి వెయ్యి కిరణాలై, అప్పుడే అమ్మవారికి ఆభరణాలు పెట్టినట్టు గుహంతా ధగద్ధగాయమానంగా ఉంది. ఇంత అందం కూరలో వేసుకుంటే ఏమవుతుందో ఆలోచించండి! నడుమ ఉప్పుకుప్ప మీద క్షారదంతుడు నోరు తెరిచి గుర్రుపెడుతున్నాడు. కప్పునుంచి ఉట్లు, ఉట్లలో కుండలు, కుండల మూతులకు గుడ్డలు. కుండల్లోంచి తేనెటీగల రొద లాంటి సన్నని గుసగుస. అయిదు నాళ్ళలోనూ దొంగిలించిన నీడలు!

"ఇందులో మీ అన్న నీడేది?" గుసగుసగా అడిగింది ఇప్ప.

ప్రవాళుడు తల గోక్కున్నాడు. నీడలన్నీ నల్లగానే ఉంటాయి.

"తేనె పట్టులకు నానెక్కుతాను, నీడల సంగతి నువ్వు చూడు" అని ఇప్ప నడుముకు తాడు బిగించి, ఉప్పు ఊడలమీద బల్లిలా పాకింది. ఒక్కొక్క కుండే గుడ్డ కొంచెం తప్పించి వెలుగుకు వంచుతోంది. గోడమీద ఒక నీడ తొంగిచూసి మాయమవుతోంది. ఒకటి లావుపాటి నీడ, ఒకటి బుట్టబొమ్మ లాంటి నీడ, ఒకటి గూని నీడ. ఆ తర్వాత కిరీటం పెట్టుకున్న నీడ. దాని ఎడమ చెవికి తమ్మె లేదు!

"అదే! ఆవు నాకిందదే!" అని ప్రవాళుడు ఎగిరి గంతేశాడు.

అక్కడ బొమ్మలో ఏది అరిగితే ఇక్కడ నీడలో అది అరుగుతుందన్నమాట. ఇప్ప కుండ భుజానికి తగిలించుకుని తాడుమీద జర్రున జారింది. అంతా సవ్యంగానే ఉండేది. కానీ సామంతుడు మాత్రం ఇంతసేపూ ఊరికే లేదు. గుహంతా నాకి చూసి, అన్నిటిలోకీ రుచికరమైన ఉప్పు మాంత్రికుడి కుడికాలి బొటనవేలని నిర్ణయించుకుని, దాన్ని తన్మయత్వంతో నాకుతోంది.

క్షారదంతుడు ముందు కిలకిల నవ్వాడు. తర్వాత కళ్ళు తెరిచాడు. బొటనవేలు సగం లేదు.

"ఎవడ్రా నన్ను రుచి చూస్తున్నది?"

పరుగు! వెనకాల క్షారదంతుడు సుడిగాలై లేచాడు. కొరడా దెబ్బల్లా ఉప్పు కణాలు వీపుకు తగులుతున్నాయి. ప్రవాళుడు బస్తాలోంచి కత్తి లాగి విసిరితే, కత్తి సుడిలో గిరగిరా తిరిగి, తుప్పుపట్టి, పొడై రాలింది. ఇప్ప నడుముకున్న పొగసంచిలోంచి పిడకల బూడిద గుప్పుమనిపించింది. మాంత్రికుడికి తుమ్ము మీద తుమ్ము. ఒక్కో తుమ్ముకు ఒక్కో పన్ను ఊడి గోడలకు టంగుమని తగులుతోంది. అదే అదనుగా ముగ్గురూ కోన నోటికి వచ్చేసరికి—

వాన!

మూడేళ్ళ వాన ఒక్కసారిగా దిగింది. అవతల ఊరంతా ఆరుబయట ఉంది. తిమ్మక్క జుట్టు విరబోసుకుని తడుస్తోంది. నాగవ్వ కర్ర పారేసి నాలుక చాపి నిలబడింది. గొర్రెలు, మేకలు, మనుషులు, ఎవరు ఎవరిమీద పడుతున్నారో తెలియడం లేదు. ప్రవాళుడు తలుపు కోసం చూశాడు. ఓబుళప్ప ఈపాటికి బతికేసి ఉంటాడు!

కానీ తలుపు తెరిచే ఉంది. తలుపు పక్కన, పెద్ద పుట్టగొడుగులాగా, నెత్తినుంచి పాదాల దాకా గొంగడి ముసుగు బిగించుకుని ఒక ఆకారం గజగజలాడుతూ కూర్చుని ఉంది.

"బిరీన రాండ్రా!" అంది గొంగడి. "ఊరంతా తడుస్తాండారు. మూడేండ్లుగా ఎదురుసూసిన వాన. నేనొక్కణ్ణే ఎండిపోయి కూచోనుండా. ఎంతసేపని సచ్చిపోయి ఉండేది?"

ప్రవాళుడు దాటాడు, ఇప్ప దాటింది, సామంతుడు దాటింది. ఆ మరుక్షణమే ఓబుళప్ప గొంగడి విసిరికొట్టి, ముఖం ఆకాశానికెత్తి, రెండు చేతులూ చాచాడు. చినుకు నెత్తిన పడింది. మీసాలమీదుగా కారింది. నవ్వాడో ఏడ్చాడో వానకే తెలియాలి.

"పుట్టె! ఓబుళప్ప పుట్టె!" అని నాగవ్వ కేకేసింది. ఓబుళప్ప ఒక్క తోపు తోసి తలుపు మూసి, ప్రవాళుడి చేతిలోంచి తాళంచెవి లాక్కుని తిప్పేశాడు.

లోపలివైపునుంచి దబదబా దరువు. "ఓబుళప్పా! తలుపు తియ్! నేను, క్షారదంతుణ్ణి! ఈ వానలో గద్దనై ఎగిరితే రెక్కలు కరిగిపోతాయి! తియ్యరా!"

"నా ఒంట్లో ఊపిరుండేంతవరకు తియ్యను దొరా. అడిగింది ఎవురైనా సరే. మాట నీదే గదా!" అని ఓబుళప్ప తడిసిన మీసం మెలేశాడు. "నేనిప్పుడే పుట్టినా. ఇంకా శానా ఏండ్లు బతకల్ల. మంద ఎనక పోయొస్తా, అంతవరకూ అరుచుకో."

తిమ్మక్క కళ్ళు తుడుచుకుంటూ చెంబు తెచ్చింది, అంచుదాకా నిండిన వాననీళ్ళు. "ఈసారైనా తాగునాయనా" అంది. ప్రవాళుడు రెండు చేతులా పట్టుకుని, చుక్క ఒలకకుండా, చివరిదాకా తాగాడు. తర్వాత పెద్దాయన కట్టె ఆయనకే తిరిగి ఇవ్వబోతే, "కొడుకువే గదా, ఉంచుకో. మీ అన్నకు చెప్పు, ఎండనాట్లో ఇంకొక నాయన ఉండాడని" అన్నాడు పెద్దాయన.

మొదటి జల్లు ముగిసింది, కొండమీది నీళ్ళు మాత్రం గుహ కప్పు చీలికలోంచి ఇంకా కారుతూ గద్ద దారిని మూసే ఉంచాయి. మబ్బు అక్కడే ఆగలేదు. పనులున్నవాడిలా తూర్పుకు తిరిగి, రాజధాని దిక్కుగా బయలుదేరింది. వెనకాలే ఎండ భళ్ళున వచ్చింది.

"ఆ మబ్బు కన్నా ముందెల్లాల. పద పద!" అని ఇప్ప కుండను గాడిద మీదికి ఎత్తబోయింది. తడిసిన తాడు, తడిసిన చెయ్యి, తడిసిన కుండ. కుండ జారి బండమీద పడి, ఫెళ్ళుమంది. కుండబద్దలు కొట్టినట్టు చెప్పడం వేరు, కుండ బద్దలవడం వేరు!

రాజుగారి నీడ పెంకుల్లోంచి లేచి, ఒళ్ళు విరుచుకుని, అటూ ఇటూ చూసి, దగ్గర్లో కనబడ్డ కాళ్ళకు చటుక్కున అతుక్కుంది. ఆ కాళ్ళు నాలుగు.

సామంతుడు తలెత్తింది. బండమీద కిరీటం పెట్టుకున్న చక్రవర్తి నీడ తలెత్తింది. సామంతుడు తోక ఆడిస్తే నీడ వింజామరలా ఏదో ఊపింది. గాడిద ఒక్కసారి తన నీడ వంక చూసుకుని, ఛాతీ పొంగించి, ఇక కాలు కదపకుండా నిలబడిపోయింది. ప్రవాళుడు లాగాడు. ఇప్ప తోసింది. ఊరంతా కలిసి తోసింది. ఊహూ!

"డప్పులు!" అంది నాగవ్వ. "రాజుగారు ఉత్తినే నడుస్తాడా?"

డప్పులు మోగాయి. అప్పుడు, అప్పుడు మాత్రమే, శ్రీమాన్ గాడిదగారు ఠీవిగా ఒక కాలు ముందుకు వేశారు. ముందు మబ్బు, వెనక సామంత మహారాజు, ఆయన వెనక డప్పులతో ఎండనాటి కాపరుల దండు, పక్కన ఓబుళప్ప కట్టె పట్టుకుని ప్రవాళుడు. మబ్బు కనుచూపు మేరలోనే ఉంది. డప్పు కాస్త జోరుగా మోగిస్తే అందుకోవచ్చు.

"దొరబాబూ" అంది ఇప్ప, ఉన్నట్టుండి నడక ఆపి.

"ఏమిటమ్మా?"

"మబ్బుకన్నా ముందే ఎల్లిపోయామనుకో. ఈ గాడిదను తీసుకెల్లి మీ అన్న కాళ్ళ దగ్గర నిలబెట్టాల. అవునా?"

"అవును!"

"నిలువెత్తు ఉప్పు ముందర?"

ప్రవాళుడు సామంతుడి వంక చూశాడు. సామంతుడు, క్షారదంతుడి బొటనవేలు తలుచుకుంటూ కాబోలు, మూతి నాకుకుంది.